సమ్మెలో మీ పాప పోస్టింగు పోయింది సరే, అసలు పోయేదేంటి? బొబ్బిలి మాస్టారికి నా జవాబు

నమస్కారం మాస్టారూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప గవర్నమెంట్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫైనల్ పార్ట్ టూ, అంటే ఆఖరి సంవత్సరం, పీజీలూ (స్పెషాలిటీ చదివే డాక్టర్లు) హౌస్ సర్జన్లూ (ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ళు) స్టైపెండ్ బకాయిల గురించి సమ్మెకి దిగి పదకొండు రోజులయింది, వార్డు పోస్టింగులు (ఒక్కో డిపార్ట్‌మెంట్ లో వంతులవారీగా కేసులు చూసి నేర్చుకోవడం) నడవట్లేదు, పిల్ల హాస్టల్ రూంలో కూర్చుని వీడియోలు చూస్తోంది, బొబ్బిలి తీసుకొచ్చేయమంటారా, అటెండెన్స్ పోతుందా, సీనియర్లు ధర్నా టెంటులోకి రమ్మంటున్నారు వెళ్ళొచ్చా, పిల్లల చదువుతో ఈ ఆటలేంటి అని మీ బాధ. కాలేజీ పేరు రాయలేదు, మంచిపని చేశారు, నేనూ అడగను.

నా సంగతి కొంచెం చెప్తాను. మాది టెక్కలి దగ్గర పల్లె, నేను జనరల్ మెడిసిన్, ఇరవై ఆరేళ్ళు గవర్నమెంట్ సర్వీసు, అందులో పదిహేడేళ్ళు స్టూడెంట్లకి చెప్పడమే పని, ఇప్పుడు శ్రీకాకుళంలో సొంత క్లినిక్. హౌస్ సర్జన్ గా టెంటు కింద కూర్చున్నాను, ప్రొఫెసర్ని అయ్యాక అదే టెంటుకి ఎదురుగా క్యాజువాలిటీలో డ్యూటీ చేశాను, సమ్మె బ్యాచ్ పిల్లల్ని తర్వాత ప్రాక్టికల్స్ లో ఎగ్జామినర్ గా అడిగాను కూడా. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ముందు పాపని ఇంటికి తేవద్దు. ఎందుకో కింద చెప్తాను.

అటెండెన్స్ గురించి అందరూ తెగ కంగారు పడిపోతారు గానీ అది అసలు చిన్న విషయం. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్ కీ క్లినిక్స్ కీ 80 శాతం ఉండాలి, నిజమే. కానీ శాతం లెక్కేసేది జరిగిన క్లాసుల మీద. క్లాసే జరగకపోతే పోయేదేం లేదు. తిరకాసు ఎక్కడంటే, పీజీలు లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్లు వస్తున్నారు కదా, ఎవరో ఒకరు వార్డులో పావుగంట నిలబడి పోస్టింగ్ జరిగింది అని రిజిస్టర్ లో రాసేస్తారు, హాస్టల్లో ఉన్న పిల్లలందరికీ ఆ రోజు ఆబ్సెంటే. ఇది చాలాచోట్ల జరిగేదే, ఎవరూ కావాలని చెయ్యరు, రిజిస్టర్ ఖాళీగా ఉంటే పైనుంచి అడుగుతారని భయం. అందుకని పాపని రోజూ పొద్దున తొమ్మిదికి ఏప్రన్ వేసుకుని వార్డుకి వెళ్ళి మొహం చూపించి రమ్మనండి, ఎవరూ లేకపోయినా సరే.

హౌస్ సర్జన్ల లెక్క వేరు. వాళ్ళది 52 వారాల ఇంటర్న్‌షిప్, సెలవులు 15 రోజులే, అంతకు మించితే అన్ని రోజులు పొడిగిస్తారు. సమ్మె ముగిసేటప్పుడు చర్చల్లో ఆ రోజుల్ని డ్యూటీగా లెక్కేస్తామని రాయించుకుంటారు మామూలుగా. రాయించుకోలేదా, ఆర్డరు లేటయిందా, అప్పుడు నీట్ పీజీకి (పీజీ సీట్ల ఎంట్రన్స్ పరీక్ష) ఇంటర్న్‌షిప్ పూర్తయ్యే కటాఫ్ తేదీ దగ్గర పిల్లలు ఇరుక్కుంటారు. 2023లో చూడండి, పరీక్ష మార్చి 5న పెట్టి కటాఫ్ మొదట మార్చి 31 అన్నారు, తర్వాత జూన్ 30, ఆ తర్వాత ఆగస్టు 11 దాకా జరిపారు, అది కోవిడ్ వల్ల ఆలస్యమైన బ్యాచ్ ల గొడవ అనుకోండి, సమ్మె కాదు. కానీ నాలుగు వారాలు అటూ ఇటూ అయితే ఒక సంవత్సరం ఎలా ఊగిసలాడుతుందో దాన్ని బట్టి అర్థమవుద్ది. మీ పాపకి ఇంకా ఆ బెంగ లేదు.

ఇక అసలు విషయం. ఇది మీ పాపకి కూడా చదివి వినిపించండి.

మెడికల్ కాలేజీలో చదువు చెప్పేది ప్రొఫెసరే అని బయటి వాళ్ళందరూ అనుకుంటారు. చెప్తారు, పొద్దున రౌండ్స్ లో గంట, క్లాసులో గంట. కానీ చెయ్యి నేర్పేది ఒక్క మెట్టు పైనున్నవాడు. స్టూడెంట్ కి హౌస్ సర్జన్ నేర్పుతాడు, హౌస్ సర్జన్ కి ఫస్టియర్ పీజీ, వాడికి సెకండియర్. సెలైన్ ఎక్కించే క్యాన్యులా ఎలా పట్టుకోవాలి, చిన్నపిల్లకి నరం ఎక్కడ దొరుకుద్ది, ఎక్స్‌రే ఫిల్మ్ ఎటు తిప్పి పెట్టాలి, పేషెంట్ వెంట వచ్చిన పదిమందిలో ఎవరితో మాట్లాడితే నిజం తెలుస్తుంది, ఇవన్నీ రాత్రి పదకొండు తర్వాత, టీ తాగుతా, తిట్టుకుంటా నేర్పేవి. ఏ టైంటేబుల్ లోనూ ఉండవు. సమ్మెలో టెంటు కింద కూర్చునేది సరిగ్గా ఆ మెట్టు వాళ్ళే. ప్రొఫెసర్లు డ్యూటీలో ఉంటారు కాబట్టి పేపర్ మీద "బోధన కొనసాగుతోంది" అంటారు, పైకి చూస్తే నిజమే.

నా కథ చెప్తాను. నేను హౌస్ సర్జన్ గా ఉన్నప్పుడు ఇరవై మూడు రోజులు సమ్మె. ఏ కాలేజీ అన్నది వద్దులెండి. సరిగ్గా నా మెడిసిన్ పోస్టింగు దాంట్లో కొట్టుకుపోయింది. టెంటులో పేకాట, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, సాయంత్రం కలెక్టరేట్ దాకా ర్యాలీ. బాగానే గడిచిపోయింది, అబద్ధం ఎందుకు. సమ్మె అయిపోయాక యూనిట్ చీఫ్ పోస్టింగ్ బుక్ లో సంతకం పెట్టేశారు, నేనూ సంతోషంగా తీసేసుకున్నాను.

రెండేళ్ళు తిరక్కుండానే కొండ దగ్గర పీహెచ్‌సీలో పోస్టింగ్. చేరిన మూడో నెల, వానాకాలం, రాత్రి ఒంటిగంటకి జీపులో ఒకాయన్ని తెచ్చారు, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తాగేశాడు. నోట్లోంచి నురగ, కంటిపాపలు సూదిమొనంత, ఊపిరి తీస్తుంటే గొంతులో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. పుస్తకం నాకు వచ్చు. విరుగుడు అట్రోపిన్ అని తెలుసు, ఐదు నిమిషాలకోసారి చూసుకుంటా డోసు రెట్టింపు చేసుకుంటా పోవాలనీ తెలుసు. 0.6 మిల్లీగ్రాముల ఆంపూల్స్, ఒకటి తర్వాత ఒకటి విరగ్గొట్టి ఇస్తున్నాను. నాడి 120కి వచ్చేసింది. నాకు భయమేసింది, ఎక్కువైపోతోందేమో అనుకుని ఆపేశాను. ఛాతీ ఇంకా గరగరలాడుతూనే ఉంది, అది వినపడుతూనే ఉంది, అయినా నా కళ్ళు నాడి మీదే ఉన్నాయి.

అక్కడ ఒక సీనియర్ స్టాఫ్ నర్సు ఉండేవారు, ఇచ్ఛాపురం వైపు మనిషి. ఆవిడ గట్టిగా ఏమీ అన్లేదు, పేషెంట్ చొక్కా పైకి తీసి "బాబూ, సంకలో సెయ్యెట్టి సూడండి ఓసారి, ఇంకా సెమ్మగానే ఉంది" అన్నారు. పెట్టాను. తడి. అప్పుడర్థమయింది నాకు, మందు ఇంకా సరిపోలేదు. ఈ విషంలో నాడి వేరే దారిలో కూడా పెరగొచ్చు, దాన్ని చూసి అట్రోపిన్ ఆపకూడదు. ఛాతీ శుభ్రపడాలి, చంక ఆరాలి. మళ్ళీ మొదలెట్టాం, తెల్లారే దాకా నేను ఛాతీ వింటా, ఆవిడ చంక తడుముతా. పొద్దున్నే విశాఖ పంపించాం. బతికాడు. మళ్ళీ ఆ సంక్రాంతికి అరిసెలు తెచ్చాడు.

ఆ చంక సంగతి పుస్తకంలో లేదా అంటే ఉంది, ఒక లైనులో ఉంది. నా మెడిసిన్ పోస్టింగ్ సరిగా జరిగి ఉంటే ఆ ఇరవై మూడు రాత్రుల్లో కనీసం ఐదారు పురుగుమందు కేసులు వచ్చేవి, మన జిల్లాల్లో తక్కువేం కాదు కదా, ఏ పీజీయో నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టేవాడు. అది పోయిందని నాకు తెలీనే తెలీదు, ఎందుకంటే పోస్టింగ్ బుక్ లో సంతకం ఉంది. సమ్మెలో పోయేది ఇలా పోతుంది మాస్టారూ, చప్పుడు లేకుండా, పైగా సంతకంతో సహా. పరీక్షలు పోవు, వాయిదా పడతాయి అంతే. సిలబస్ అంటారా, ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టి లాగించేస్తారు.

ఇంకోటి కూడా చూడండి. పదకొండు రోజుల సమ్మె అంటే నష్టం పదకొండు రోజులు కాదు. సమ్మెలు ఒక వరసలో నడుస్తాయి, మొదట నల్లబ్యాడ్జీలు, తర్వాత ఓపీ మానేయడం, తర్వాత ఎలెక్టివ్ (ముందే తేదీ ఇచ్చి చేసే) ఆపరేషన్లు, చివరాఖరికి ఎమర్జెన్సీ. ఓపీ ఆగిన నాలుగో రోజుకే వార్డు సగం ఖాళీ, ఎందుకంటే అడ్మిషన్లు వచ్చేది ఓపీ నుంచే. మిగిలేది ఎవరంటే డిశ్చార్జ్ అయినా వెళ్ళడానికి ఇల్లు లేని ముసలాయన, స్ప్లీన్ (ప్లీహం) పెద్దదైన ఒక కుర్రాడు. ఆ కుర్రాడి పొట్ట మీద రోజుకి నలభై మంది చేతులు పడతాయి, పాపం వాడే విసుగొచ్చి "ఎడమ పక్కన సూడండి, అక్కడే ఉంటాది" అని ముందే చెప్పేస్తాడు. నవ్వొస్తుంది గానీ అది కేస్ నేర్చుకోవడం కాదు.

ఈలోగా పాతపట్నంలో, కొత్తూరులో, మందసలో ఆటోవాళ్ళు "పెద్దాసుపత్రిలో డాక్టర్లు లేరట" అని చెప్పేస్తారు. సమ్మె విరమించిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఓపీ మళ్ళీ మామూలు కావడానికి పదిరోజులైనా పడుతుంది, నేను ప్రతిసారీ చూశాను. అది తేరుకునేసరికి ఆగిపోయిన హెర్నియాలూ హైడ్రోసిల్ లూ అన్నీ ఒక్కసారి థియేటర్ మీద పడతాయి, సర్జన్లు పరిగెడుతుంటారు, "స్టూడెంట్స్ బయటికి" అంటారు. అలా పదకొండు రోజులు కాస్తా నెలవుద్ది. అప్పటికి మీ పాప బ్యాచ్ ఇంకో డిపార్ట్‌మెంట్ కి మారిపోతుంది, పోస్టింగ్ చక్రం ఎవరి కోసమూ ఆగదు కదా. అందుకే ఒకే క్లాసులో నష్టం అందరికీ ఒకేలా ఉండదు, ఒక బ్యాచ్ కి లేబర్ రూం మొత్తం పోతుంది, పక్క బ్యాచ్ ఆ టైంలో ఏ చిన్న పోస్టింగ్ లోనో ఉంటుంది, వాళ్ళకి సమ్మె జరిగినట్టే తెలీదు. హౌస్ సర్జన్లకైతే ఇంకా దారుణం, క్యాజువాలిటీ మొత్తం కలిపి రెండు వారాలే, ఎనస్తీషియా రెండు వారాలే, సమ్మె సరిగ్గా దాని మీద పడిందా, ఆ డాక్టరు జీవితంలో క్యాజువాలిటీ పోస్టింగ్ చెయ్యనట్టే.

పై మెట్టు లేకపోతే ఏమవుద్దో సమ్మె లేకుండానే చూశాం ఒకసారి. 2021 నీట్ పీజీ పరీక్ష కోవిడ్ వల్ల సెప్టెంబర్ 11న జరిగింది, తర్వాత ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ) కోటా కేసు సుప్రీంకోర్టులో ఉండి కౌన్సెలింగ్ ఆగిపోయింది, నవంబర్ చివర్లో ఢిల్లీ రెసిడెంట్లు, అంటే అక్కడి పీజీ డాక్టర్లు, ఆందోళన మొదలెట్టారు, జనవరి 7న కోర్టు ఆర్డర్ ఇచ్చాక 2022 జనవరి 12న కౌన్సెలింగ్ మొదలైంది. మామూలుగా ఎండాకాలంలో చేరాల్సిన ఫస్టియర్లు ఆ ఏడాదంతా లేరు. నా యూనిట్ లో సెకండియర్ పీజీ ఒక్కడే ఇద్దరి పని చేస్తున్నాడు, స్టూడెంట్ ఏదైనా అడిగితే "తర్వాత, తర్వాత" అనేవాడు, తిట్టడానికి కూడా మనసొప్పేది కాదు, వాడి కళ్ళ కింద నల్లగా. ఆ తర్వాత ప్రాక్టికల్స్ లో నాకు కనపడింది ఏంటంటే, ఆ బ్యాచ్ పిల్లలు థియరీ అదరగొట్టారు, ఛాతీ మీద స్టెత్ పెట్టి ఏం వినపడుతోంది అంటే మాత్రం పుస్తకంలో ఏం వినపడాలో చెప్పారు.

కొత్త కాలేజీల మొదటి బ్యాచ్ లది కూడా ఇదే కష్టం, మన శ్రీకాకుళంలో 2008లో, విజయనగరంలో 2023లో మొదలైనప్పుడు చేరిన పిల్లలకి పైన సీనియర్ బ్యాచ్ అన్నదే లేదు. వాళ్ళు నర్సుల దగ్గరా, అసిస్టెంట్ ప్రొఫెసర్ల దగ్గరా అడిగి నేర్చుకోవాల్సిందే. సరే, టాపిక్ పక్కకి పోతోంది.

సమ్మె ఎవరు చేస్తున్నారు అన్నదాన్ని బట్టి కూడా పోయేది మారుద్ది. 2025 సెప్టెంబర్ చివర్లో మన పీహెచ్‌సీ డాక్టర్లు ఇన్‌సర్వీస్ పీజీ కోటా (ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకిచ్చే పీజీ సీట్లు) గురించి సమ్మెకి దిగినప్పుడు పెద్దాసుపత్రులకి పెద్ద తేడా లేదు, కానీ హౌస్ సర్జన్ కి కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు ఉంటుంది కదా, పల్లెలో మెడికల్ ఆఫీసరే లేకపోతే అక్కడికెళ్ళి ఎవరి పక్కన కూర్చోవాలి? అదే అక్టోబర్ లో బకాయిలు రాలేదని ప్రైవేట్ నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవ కింద కేసులు ఆపేశాయి, మనోళ్ళు ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు దాన్ని. అది డాక్టర్ల సమ్మె కూడా కాదు, యాజమాన్యాల గొడవ. కానీ ప్రైవేట్ మెడికల్ కాలేజీ వార్డుల్లో పడుకునేది చాలావరకు ఆ కార్డు మీద వచ్చే జనమే, వాళ్ళు రాకపోతే లక్షలు కట్టి చేరిన పిల్లలు ఖాళీ మంచాల చుట్టూ తిరగాలి.

బయటి దేశాలవి కూడా చెప్తాను, మీరు "ఇలాంటివి మనకేనా" అన్నారు కదా. మనకే కాదు. దక్షిణ కొరియాలో 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఏడాదికి 3,058 ఉన్న మెడికల్ సీట్లకి ఒకేసారి ఇంకో 2,000 కలుపుతామంది. వేల మంది జూనియర్ డాక్టర్లు రాజీనామాలిచ్చి వెళ్ళిపోయారు, స్టూడెంట్లు కూడా మూకుమ్మడిగా సెలవు పెట్టి క్లాసులు మానేశారు. 2025 జనవరిలో అక్కడి లైసెన్స్ పరీక్ష పాసైనవాళ్ళు 269 మంది. అంతకు ముందు ఏడాది మూడువేల పైచిలుకు. మళ్ళీ చదవండి, 269. తర్వాత పిల్లలు తిరిగొచ్చేసరికి 2024లో చేరినోళ్ళూ 2025లో చేరినోళ్ళూ ఒకే ఫస్టియర్ లో కూర్చోవాల్సి వచ్చింది, ఒక మృతదేహం చుట్టూ ఎంతమంది నిలబడగలరు చెప్పండి డిసెక్షన్ హాల్లో. ఇంతా అయ్యాక 2026కి సీట్లు మళ్ళీ 3,058కే తెచ్చారు. మీరు స్కూల్లో పని చేశారు కాబట్టి రెండు తరగతులు ఒకే గదిలో అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

కెనడాలో క్యుబెక్ అని ఒక రాష్ట్రం ఉంది, అక్కడ 2025లో ఇంకో రకం. జీతాల పద్ధతి మార్చే చట్టం మీద ప్రభుత్వంతో గొడవొచ్చి డాక్టర్లు పేషెంట్లని చూడ్డం ఆపలేదు, స్టూడెంట్లకి చెప్పడం ఆపేశారు. పేషెంట్లకి ఇబ్బంది లేకుండా ప్రభుత్వం మీద ఒత్తిడి తేవాలని వాళ్ళ ఆలోచన. అక్టోబర్ లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి ఇలా కలిసికట్టుగా చేస్తే భారీ జరిమానాలు అంది. నాకైతే ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు, గొడవలో పిల్లలకి ఏ సంబంధం లేదు, వాళ్ళనే పట్టుకుని లాగారు. కానీ ఒకందుకు నిజాయితీగా ఉందనిపించింది, మేం చెప్పడం ఆపేశాం అని పైకి చెప్పారు. మన దగ్గర అదే జరుగుతుంది గానీ ఎవరూ అనరు.

సమ్మె తప్పా అంటారా. నేను తప్పనను. మూడు నెలలు స్టైపెండ్ రాకపోతే హౌస్ సర్జన్ మెస్ బిల్లు ఎలా కట్టాలి, ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ అమ్మాయి మీద అత్యాచారం చేసి చంపేశారని తెలిసి కూడా పనిలోకి వెళ్ళండి అని ఎవరు చెప్పగలరు, మన రాష్ట్రంలో కూడా పిల్లలు బయటికొచ్చారు, బెంగాల్లో అయితే దాదాపు ఆరు వారాలు నడిచింది. మీరూ 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ గురించి ఛలో విజయవాడకి వెళ్ళే ఉంటారు మాస్టారూ, వెళ్ళకపోయినా వెళ్ళినోళ్ళని సమర్థించే ఉంటారు. కాబట్టి "పిల్లల చదువుతో ఆటలు" అన్న మాట పీజీల మీద వెయ్యకండి, వాళ్ళూ పిల్లలే. నాకు కోపం వచ్చేది ఫైలు మీద సంతకం పెట్టడానికి నెలలు పట్టి, టెంటు వేశాక మూడు రోజుల్లో పెట్టేవాళ్ళ మీద. ఆ డబ్బు అప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ధర్నాకి వెళ్ళొచ్చా అని అడిగారు. సాయంత్రం వెళ్ళి ఓ గంట కూర్చుంటే ఏం కాదు, రేపు తనూ హౌస్ సర్జనే, ఆ టెంటు తనదీ. పగలు వార్డు మానేసి మాత్రం వద్దు, స్టూడెంట్ కి స్టైపెండూ లేదు, డ్యూటీయూ లేదు, మానేస్తే నష్టపోయేది తనొక్కతే. మైకులో మాట్లాడమంటే వద్దని చెప్పండి, వీడియోలు ఎక్కడెక్కడికో వెళ్తాయి.

ఇప్పుడు ఇంటికి ఎందుకు తేవద్దన్నానో చెప్తాను. సమ్మెలో ప్రొఫెసర్లు క్యాజువాలిటీలోకి దిగుతారు. నేను ప్రొఫెసర్ గా ఉన్నప్పుడు జరిగిన ఒక సమ్మెలో పదేళ్ళ తర్వాత నా చేత్తో నేను యూరిన్ కాథెటర్ వేశాను. పక్క టేబుల్ దగ్గర సర్జరీ ప్రొఫెసర్ గారు, రిటైర్మెంట్ కి ఏడాది ఉంది ఆయనకి, బైకు మీంచి పడ్డవాడి తలకి కుట్లేస్తున్నారు, కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోతుంటే రెండు చేతులకీ గ్లవ్స్, ఎలా సర్దుకోవాలో తెలీక తల పైకెత్తి చూస్తున్నారు. అప్పుడు ముగ్గురు ఫైనల్ ఇయర్ పిల్లలు వచ్చారు, ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఎవరూ పిలవలేదు. ఒకమ్మాయి వెళ్ళి ఆయన కళ్ళజోడు పైకి తోసింది. అంతే, ఆ రాత్రి నుంచి పన్నెండు రోజులు ఆయన ఆ పిల్లని పక్కనే నిలబెట్టుకుని, సూది ఏ కోణంలో దిగాలి, తల మీద గాయం అంత రక్తం ఎందుకు కారుతుంది, కుట్టేముందు వేలు పెట్టి కింద ఎముక ఎందుకు తడిమి చూడాలి, అన్నీ చెప్పారు. మామూలు రోజుల్లో ఆయన్ని ఆ పిల్ల వారానికి ఒకసారి దూరం నుంచి చూసేది. పీజీ దగ్గర నేర్చుకోవాల్సింది ప్రొఫెసర్ దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు సర్జనే తను.

అయితే ఒక హద్దు ఉంది, ఇది గట్టిగా చెప్పండి పాపకి. మనుషులు తక్కువున్నారు కదా అని "నువ్వే వేసెయ్ అమ్మా" అని ఎవరో ఒకరు అంటారు. హౌస్ సర్జన్ కి ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, స్టూడెంట్ కి అదీ లేదు. పెద్దవాళ్ళు పక్కన నిలబడి చూస్తుంటే చెయ్యొచ్చు, ఒంటరిగా ఏదీ చెయ్యకూడదు, కేస్ షీట్ లో మందు రాయకూడదు, ఎక్కడా సంతకం పెట్టకూడదు. సమ్మె రోజుల్లో పేషెంట్ తాలూకు వాళ్ళ కోపం మామూలుగా ఉండదు, "డాక్టరుగోరు ఏరి, ఈ గుంట సేత సూది ఏయించేత్తారేటి" అని మీద పడతారు, వాళ్ళ తప్పేం లేదు. తెల్లకోటు వేసుకున్న ప్రతివాళ్ళూ వాళ్ళకి డాక్టరే. పాప మాత్రం నేను స్టూడెంట్ ని అని ముందే చెప్పాలి.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా, ఇంకో ఫ్రెండ్ తో కలిసి, ఒంటరిగా కాదు, క్యాజువాలిటీకో లేబర్ రూంకో వెళ్ళమనండి, డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ ని అడిగి. నూటికి తొంభై మంది కాదనరు, ఒక చెయ్యి సాయం అయినా చాలు వాళ్ళకి. స్టాఫ్ నర్సులతో స్నేహం చెయ్యమనండి, వాళ్ళు సమ్మెలో లేరు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉంటుంది, అడిగేవాళ్ళు లేక ఊరుకుంటారు. ఇచ్ఛాపురం సిస్టర్ గారి సంగతి ఎందుకు రాశాననుకున్నారు.

ఇంకా ముఖ్యంగా లాగ్ బుక్ కాకుండా వేరే ఒక నోట్ బుక్ పెట్టమనండి, రెండు రూపాయల పెన్ను, నలభై పేజీల నోట్ బుక్ చాలు. ఈ పోస్టింగ్ లో నేను చూడాల్సింది, చూడనిది. కాన్పు మొదటి నుంచి చివరి దాకా చూడలేదు. గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్) వచ్చిన గర్భిణిని చూడలేదు. కట్లపాము కరిచినవాడి కనురెప్పలు వాలిపోవడం చూడలేదు. ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంట్ ని పరీక్ష చెయ్యలేదు. అలా రాసుకోవాలి, తేదీతో. లాగ్ బుక్ లో సంతకాలు ఎలాగూ పడతాయి, అది యూనివర్సిటీ కోసం. ఈ నోట్ బుక్ ఎవరికీ చూపించక్కర్లేదు. సమ్మె అయిపోయాక ఒక్కొక్కటీ దొరికినప్పుడు కొట్టేసుకుంటా పోవాలి, ఏ డిపార్ట్‌మెంట్ పోస్టింగ్ లో ఉన్నా సరే సాయంత్రం పూట ఆ వార్డుకెళ్ళి. హౌస్ సర్జన్సీలో దొరకనివి అప్పుడు చూసుకోవచ్చు, ఆ సంవత్సరం చేతిలో ఉంది తనకి. నాకు ఆ నోట్ బుక్ ఉండుంటే మొదటి లైను ఏముండేదో మీకు తెలుసు.

డిపార్ట్‌మెంట్ పోస్టింగ్ మళ్ళీ ఇవ్వమని బ్యాచ్ అంతా కలిసి ప్రిన్సిపాల్ కి ఒక లెటర్ పెట్టొచ్చు, సమ్మె జరుగుతున్నప్పుడు కాదు, ముగిసిన వారంలో. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ బ్యాచ్ కి ఏ పోస్టింగ్ పోయిందో రాసి. మొత్తం ఇవ్వరు. ఆదివారాలో, సెలవుల్లోనో వారం ఇచ్చినా లాభమే. ఒక ఏడాది మా దగ్గర పిల్లలు ఇలాగే అడిగితే గైనిక్ హెచ్‌ఓడీ మేడం "రాత్రి డ్యూటీలకి వస్తారా అయితే" అన్నారు, ఇరవై ఐదు మందిలో తొమ్మిది మంది వచ్చారు. మిగతా పదహారు మందికీ లాగ్ బుక్ లో సంతకాలు ఉన్నాయి.

బొబ్బిలికి టికెట్ బుక్ చేసేసి ఉంటే క్యాన్సిల్ చేసెయ్యండి. ఇంట్లో పాప గదిలో కూర్చుని అవే వీడియోలు చూస్తుంది, మీరు సెలవు పెట్టి కాపలా కాస్తారు. ఇంతకీ పాపకి పోయిన పోస్టింగ్ ఏ డిపార్ట్‌మెంట్ దో మీరు రాయలేదు. అది రాయండి, గైనిక్ అయితే ఒకలా, మెడిసిన్ అయితే ఒకలా, ఏ కేసులు తప్పకుండా వెతుక్కుని చూడాలో నేను విడిగా రాస్తాను. పిల్లల వార్డు అయితే మాత్రం నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని అడుగుదాం.